జీను లేని దొర... దిమ్మ దిగిన దొర

ఒకే ఊరు. ఒకే రోడ్డు. ఇద్దరు తెల్లదొరల విగ్రహాలు. ఒకటి దాదాపు రెండు శతాబ్దాలుగా కదలకుండా నిలబడి ఉంది. రెండోదాన్ని దింపడానికి జనం సుత్తులు పట్టుకుని వచ్చారు, జైళ్లకెళ్లారు. ఎందుకిలా? జవాబు వెతుక్కుంటూ వెళ్తే మద్రాసు మౌంట్‌ రోడ్డు నుంచి మన రాయలసీమ దాకా రావాల్సి ఉంటుంది!

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి మౌంట్‌ రోడ్డు వైపు బస్సెక్కిన తెలుగువాళ్లు ఎందరో! ఆస్పత్రి పనికో, పెళ్లి పట్టుచీరలకో, ఒకప్పుడైతే సినిమా అవకాశాలకో ఆ దారిన వెళ్లినవాళ్లే అందరూ. బస్సు కూవం పాయ దాటగానే ఐలాండ్‌ మైదానం పక్కన, వాహనాల వరదకు నడుమ, ఎత్తయిన రాతి దిమ్మ మీద ఒక కంచు గుర్రం కనబడుతుంది. దాని మీద టోపీ కూడా లేని ఒక దొర. ‘ఎవరో తెల్లోడు’ అనుకుంటూ ముందుకెళ్లిపోతాం.

ఈసారి కాస్త పరీక్షగా చూడండి. గుర్రానికి జీను లేదు. కాళ్లు పెట్టుకునే రికాబులూ లేవు. రెండు కాళ్లూ గాల్లో వేలాడుతుంటాయి. సిపాయిగా బతుకు మొదలుపెట్టిన మనిషిని అలా కూర్చోబెట్టారేమిటి?

దీనికి మద్రాసులో ఓ కథ ప్రచారంలో ఉంది. శిల్పి అన్నీ చక్కగా చెక్కి, జీనూ రికాబులూ మరిచిపోయాడట. తప్పు తెలిసొచ్చాక అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడట. వినడానికి బాగుంది కానీ నిజం కాదు. ఆ శిల్పి సర్‌ ఫ్రాన్సిస్‌ చాంట్రీ. లండన్‌ ట్రఫాల్గర్‌ స్క్వేర్‌లో ఆయన చేసిన నాలుగో జార్జి రాజు గుర్రానికీ జీను లేదు, రికాబులూ లేవు. పాత రోమన్‌ వీరుల పద్ధతిలో చేయడం ఆయనకిష్టం, అంతే. ఆయన సహజంగానే 1841లో కన్నుమూశాడు.

అయినా కథ చావలేదు. విగ్రహాల సంగతే అంత. దిమ్మ మీద ఏం రాశారో ఎవరూ చదవరు. నోటిమాటగా వచ్చిందే నిలుస్తుంది. ఈ గుర్రమ్మీద దొర విషయంలో అలా నోటిమాటగా నిలిచిన కథల్లో ఎక్కువ భాగం మన తెలుగువాళ్లవే. ఆయన పేరు థామస్‌ మన్రో.

మన్రోలప్ప అనే పేరు

1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు మన్రో. పద్ధెనిమిదేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. మైసూరు యుద్ధాల్లో పోరాడాడు. 1800లో నిజాం తన చేతిలోని బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరు సూచించేదాకా ఆ నేలకు అదే పేరు. ఆ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడే మన్రో. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. డేరాల్లోనే కచేరీ, గుర్రమ్మీదే కాపురం. ఊరూరా పొలాలు కొలిపించాడు. రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు లేకుండా పట్టా నేరుగా రైతు పేరునే ఇచ్చే రైత్వారీ పద్ధతికి గట్టి పునాది వేశాడు.

అలాగని శిస్తు తేలికని కాదు. పొలాలు కొలిచి వేసిన శిస్తు మోయలేనిదని మన్రోకే తెలుసు. 1807లో సెలవు మీద స్వదేశం వెళ్లబోతూ శిస్తును నాలుగోవంతు తగ్గించమని సిఫారసు చేశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ ఆ ఊరట రాలేదు. మధ్యలో నలిగింది సీమ రైతే.

అయినా సీమ ఆయన్ను దేవుణ్ని చేసుకుంది! ఊరికే కాదు... కథల మీద కథలు అల్లి మరీ చేసుకుంది.

మంత్రాలయం వెళ్లినవాళ్లు ఈ కథ వినే ఉంటారు. మఠం భూముల సంగతి తేల్చడానికి మన్రో వచ్చాడట. బూట్లు విప్పి లోపలికెళ్లి బృందావనం ముందు నిలబడితే సాక్షాత్తూ రాఘవేంద్రస్వామే ప్రత్యక్షమై మాట్లాడాడట. పక్కనున్న వాళ్లకు దొర మాటలు వినబడ్డాయి గానీ స్వామి కనబడలేదట. తిరుమలలో ‘మన్రో గంగాళం’ ముచ్చట ఉంది. కడుపునొప్పితో బాధపడుతున్న దొరకు శ్రీవారి పొంగలి ప్రసాదంతో నయమైందనీ, ఆ కృతజ్ఞతతో నిత్య నైవేద్యానికి గంగాళం సమర్పించాడనీ చెబుతారు. కడప జిల్లా వేంపల్లి దగ్గర పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే గండిలో ఇంకో కథ. అక్కడ రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందట. అంత్యకాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనబడుతుందట. మన్రో తలెత్తి ‘అదేమిటి, ఆ బంగారు తోరణం?’ అని అడిగాడట. పక్కనున్న నౌకర్లు గుండెలు బాదుకున్నారట.

పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లూ సీమలో ఉన్నాయంటారు.

ఈ మూడు కథల్లోనూ ఒక పోలిక ఉంది చూడండి. మూడింట్లోనూ దొర మన దేవుడి దగ్గరికొచ్చాడు. చెప్పులు విప్పాడు, ప్రసాదం తిన్నాడు, తోరణం చూశాడు. జెండా మార్చలేకపోయిన జనం కథలో మాత్రం దొరనే మార్చేసుకున్నారు. మద్రాసులో చందాలు వేసుకుని 1839లో నిలబెట్టిన కంచు విగ్రహం కంపెనీ సర్కారు మన్రో. సీమలో కథలతో కట్టుకున్నది మరో మన్రో. ఒకరికొకరు తెలియదు. కానీ రెండోవాడి పుణ్యమే మొదటివాణ్ని కాపాడుతోందా అనిపిస్తుంది.

స్పెన్సర్‌ ఎదుట ఖాళీ

మన్రో విగ్రహం దగ్గర్నుంచి అదే మౌంట్‌ రోడ్డు... ఇప్పుడు అణ్ణా సాలై... వెంబడి దక్షిణంగా వెళ్తే స్పెన్సర్‌ ప్లాజా వస్తుంది. ఆ కూడలి పరిసరాల్లోనే ఒకప్పుడు ఇంకో కంచు దొర నిలబడి ఉండేవాడు. కల్నల్‌ జేమ్స్‌ నీల్‌. ఇప్పుడక్కడ వెతికితే సిగ్నల్‌ దీపాలు, హారన్‌ మోతలు తప్ప ఏమీ లేవు.

నీల్‌ కూడా స్కాట్లాండు వాడే. మద్రాసు ఫ్యూసిలియర్స్‌ దళానికి అధికారి. 1857లో ఉత్తరాదిన సిపాయిలు తిరగబడినప్పుడు దళాన్ని తీసుకుని అలహాబాదు వెళ్లాడు. అక్కడ ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించాడు. దొరికినవాళ్లను దొరికినట్టు ఉరితీయించాడు. కాన్పూరులో ఇంగ్లీషు స్త్రీలను, పిల్లలను చంపిన ఇంట్లోకి పట్టుబడినవాళ్లను తీసుకెళ్లి, నేలమీది రక్తాన్ని వాళ్లచేత శుభ్రం చేయించి, నాకించి, ఆ తర్వాత ఉరికంబం ఎక్కించాడు. ఆ ఏడాది సెప్టెంబరు 25న లక్నోలో తుపాకీ గుండుకు తానూ పోయాడు. కొన్నేళ్లకే మద్రాసులో విగ్రహం లేచింది. బెంగాల్‌ తిరుగుబాటు వెల్లువకు మొదట అడ్డుకట్ట వేసినవాడని దిమ్మ మీద పొగిడారు.

అరవై ఏళ్లకు పైగా జనం దాని పక్కనుంచే నడిచారు. పట్టించుకోలేదు అనలేం. పట్టించుకునే ధైర్యం ఇంకా రాలేదు అనాలేమో. ఆ ధైర్యం 1927లో వచ్చింది. ఆగస్టులో మదురై నుంచి వచ్చిన ఇద్దరు వాలంటీర్లు సుత్తీ గొడ్డలీ పట్టుకుని నిచ్చెన వేసి విగ్రహం మీదికెక్కారు. పోలీసులు పట్టుకున్నారు. మర్నాటి నుంచి జట్లు జట్లుగా రావడం, దెబ్బ వేయడం, అరెస్టవడం! సెప్టెంబరులో మద్రాసు వచ్చిన గాంధీజీ, అహింస తప్పకపోతే తన మద్దతు ఉంటుందన్నారు. కడలూరు నుంచి అంజలై అమ్మాళ్‌ తొమ్మిదేళ్ల కూతురు అమ్మాకణ్ణును వెంటబెట్టుకుని వచ్చి సత్యాగ్రహంలో దిగింది. తల్లీకూతుళ్లిద్దరూ శిక్షపడి లోపలికెళ్లారు. ఆ పిల్లను చూసి ముచ్చటపడిన గాంధీజీ లీలావతి అని పేరు పెట్టి, తర్వాత వార్ధా ఆశ్రమానికి తీసుకెళ్లారు.

తొమ్మిదేళ్ల పిల్లకు 1857 గురించి ఏం తెలుసు? తెలిసే అవకాశం తక్కువ. కానీ ఆ సుత్తి దెబ్బల తర్వాత మద్రాసులో నీల్‌ ఎవరో, ఏం చేశాడో తెలియనివాళ్లు లేకుండా పోయారు. విగ్రహం నిలబడి ఉన్న అరవై ఏళ్లలో జరగని చరిత్ర పాఠం, దాన్ని దించాలన్న గొడవలో కొన్ని నెలల్లో జరిగిపోయింది.

విగ్రహం మాత్రం వెంటనే దిగలేదు. పదేళ్లు పట్టింది. 1937లో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్‌ మంత్రివర్గం ఏర్పడింది. మన టంగుటూరి ప్రకాశం పంతులు అందులో రెవెన్యూ మంత్రి. 1928లో ఇదే మద్రాసులో సైమన్‌ కమిషన్‌ నిరసనలో పోలీసు తుపాకులకు రొమ్ము చూపిన మనిషి ఆయన. ఆ ప్రభుత్వం వచ్చిన కొద్ది నెలలకే నీల్‌ను రోడ్డు మీదినుంచి తీసేశారు. పగలగొట్టలేదు, కరిగించలేదు. చివరికి ఎగ్మూరు మ్యూజియానికి చేరాడు.

అక్కడి దాకా వెళ్లి చూస్తే ఓ చిత్రమైన భావన కలుగుతుంది. వీధిలో ఉన్నప్పుడు భయపెట్టినవాడు, చిరాకు తెప్పించినవాడు... మ్యూజియంలో ఒక పాత వస్తువు. ఎగ్మూరుకు స్కూలు పిల్లలు వరుసలు కట్టి వస్తుంటారు. వాళ్లకు ఆకర్షణ డైనోసార్‌ బొమ్మ, తిమింగలం అస్థిపంజరం, అమరావతి పాలరాతి శిల్పాలు. నీల్‌ దగ్గర ఆగేవాళ్లు అరుదు. స్కాట్లాండులోని ఆయన సొంతూరు ఎయిర్‌లో మాత్రం ఇదే మనిషి విగ్రహం వెల్లింగ్టన్‌ స్క్వేర్‌లో ఉంది. మన అండమాన్‌లోనూ ఆయన పేరుతో ఒక దీవి ఉండేది. 2018 డిసెంబరులో దాన్ని షహీద్‌ ద్వీప్‌గా మార్చారు. అంతకుముందు అక్కడికి సెలవులకెళ్లి ఫొటోలు దిగినవాళ్లలో ఆ నీల్‌ ఎవరని అడిగినవాళ్లు ఎందరుంటారు?

కోటలో పలక మీద ఇద్దరు పిల్లలు

ఇక సెయింట్‌ జార్జి కోట. లోపల తమిళనాడు సచివాలయం, అసెంబ్లీ ఉన్నాయి కాబట్టి తనిఖీలు తప్పవు. మ్యూజియంలోకి అడుగుపెడితే కారన్‌వాలిస్‌ నిలువెత్తు పాలరాతి విగ్రహం. థామస్‌ బ్యాంక్స్‌ అనే శిల్పి లండన్‌లో చెక్కింది. 1800 ప్రాంతంలో మద్రాసు చేరింది. అప్పట్నుంచి కుదురుగా ఒకచోట ఉన్నది తక్కువ. కోటలోంచి తేనాంపేట వైపు, మళ్లీ వెనక్కి... తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. తేనాంపేటలో అది ఉన్న దారికి సెనోటాఫ్‌ రోడ్డన్న పేరు మాత్రం మిగిలిపోయింది.

మొహం కాదు, కింద దిమ్మను చూడాలి. 1792లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఓడిన టిప్పు సుల్తాన్‌ తన ఇద్దరు చిన్న కొడుకులను కంపెనీకి జామీనుగా అప్పగించే దృశ్యం అక్కడ చెక్కి ఉంది. దొర దయగా చేయి చాపుతుంటాడు. పిల్లల్ని తండ్రి దగ్గర్నుంచి లాక్కోవడాన్ని ‘దయ’గా చూపించడం ఆ శిల్పంలోని నేర్పు. అప్పట్లో ఇంగ్లండులో ఈ దృశ్యం ఎన్నో చిత్రాలకెక్కింది.

ఈ పలకకూ మన సీమకూ నేరుగా సంబంధం ఉంది. ఆ 1792 ఒడంబడికలోనూ, టిప్పు చనిపోయిన 1799 యుద్ధం తర్వాతా నిజాం వాటాకు వచ్చిన నేలే కడప, బళ్లారి ప్రాంతాలు. కంపెనీ సైన్యం ఖర్చుకింద వాటినే నిజాం 1800లో తిరిగి కంపెనీకిచ్చేశాడు. ఆ పిల్లలిద్దరూ తండ్రి చేయి వదిలిన రోజునే సీమ తలరాత కూడా చేతులు మారడం మొదలైందన్నమాట. మ్యూజియానికొచ్చే తెలుగువాళ్లలో ఇది తెలిసి ఆగి చూసేవాళ్లు ఎంతమందో!

మ్యూజియానికి దగ్గర్లోనే సెయింట్‌ మేరీస్‌ చర్చి. మన్రో సమాధి అందులోనే ఉంది. మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం వెళ్లకండి. ఎగ్మూరుకీ, దీనికీ రెండింటికీ ఆ రోజే సెలవు.

కోటగుమ్మం మీద తల

మన్రోను తలచుకునే సీమ నోటే ఇంకో పేరు కూడా ఉంది. ఆ పేరుకూ మన్రోకూ పొత్తు కుదరదు.

మన్రో వచ్చేసరికి దత్తమండలాల్లో దాదాపు ఎనభై మంది పాలెగాళ్లున్నారు. కోటలు, కత్తులు, సొంత బంట్లు. వాళ్లలో ఊళ్లను కాపాడినవాళ్లూ ఉన్నారు, దోచినవాళ్లూ ఉన్నారు. మన్రో సైన్యాన్ని పిలిపించి వాళ్ల కోరలు పీకేశాడు. పాలేలు పోయాయి. లొంగినవాళ్లకు భరణాలు కట్టారు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి అలా భరణానికి దిగినవాడే. ఆయన మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి.

భరణమనేది తాతతో అయిపోతే మనవడి చేతికొచ్చేది ఎంత? నెలకు పదకొండు రూపాయల చిల్లర. ఆ చిల్లర కోసం 1846లో కోవెలకుంట్ల ఖజానాకు మనిషిని పంపితే తహసీల్దారు అవమానించి తిప్పి పంపాడని చెబుతారు. ఆ జూలైలో నరసింహారెడ్డి వందలమందితో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. రైతులు, పాలేలు పోయి పనిలేకుండా మిగిలిన పాత బంట్లు ఆయన వెంట నడిచారు. నల్లమలలో కంపెనీ సైన్యాన్ని తిప్పలు పెట్టి, అక్టోబరులో దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తర్వాత తలను కోటగుమ్మానికి వేలాడదీశారు. ఒక రోజు కాదు, నెల కాదు... 1877 దాకా, ముప్పై ఏళ్లు!

అప్పటికి మద్రాసులో మన్రో గుర్రం లేచి ఎనిమిదేళ్లు. అదీ దొరల పాలనకు గుర్తే, ఇదీ దొరల పాలనకు గుర్తే. నగరంలో జనానికి కంచు విగ్రహం చూపించారు, సీమలో జనానికి తల చూపించారు. ఎండకు ఎండి, వానకు తడిసి, పుర్రెగా మారిన ఆ తలను చూస్తూ ఒక తరం పుట్టి పెరిగింది. భయపడతారనుకున్నారు. రేనాటి పల్లెల్లో నరసింహారెడ్డి మీద పాటలు పుట్టాయి. 2019లో ‘సైరా’ సినిమా వచ్చేదాకా బయటివాళ్లకు పెద్దగా తెలియకపోయినా, అక్కడ ఆ పాట ఎప్పుడూ ఆగలేదు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

తమాషా ఏమిటంటే మంత్రాలయంలో మన్రో కథ చెప్పుకునే సీమే రేనాటిలో నరసింహారెడ్డి పాట పాడుకుంది. పట్టా ఇచ్చిన దొర, పాలెం పోయిన మనవడు... ఇద్దరూ ఒకే చరిత్రకు రెండు కొసలన్న సంగతి మాత్రం ఆ కథలోనూ రాదు, ఈ పాటలోనూ రాదు. గోదావరి జిల్లాల్లో కాటన్‌ దొర విగ్రహాలకు దండలు వేసేవాళ్లకు ఇంత చిక్కు లేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలో నీళ్లు వచ్చాయి, పంట పండింది. సీమలో లెక్క అంత సులువుగా తేలేది కాదు.

గుత్తిలో ఖాళీ సమాధి

1827 మే చివర్లో మన్రో మద్రాసు నుంచి బయల్దేరాడు. గవర్నరుగిరీ అయిపోవస్తోంది. ఇంటికి వెళ్లేముందు ఒకసారి దత్తమండలాలు చూసి రావాలనుకున్నాడు. దారిలో బిడారంలోకి కలరా జొరబడింది. గుత్తి దాటి పత్తికొండ చేరేసరికి ఆయనకూ సోకింది. జూలై 6 రాత్రి పత్తికొండలో ప్రాణం పోయింది. శవాన్ని వెనక్కి గుత్తికి తీసుకొచ్చి మర్నాడు కోట కింద పాతిపెట్టారు. నాలుగేళ్లకు, 1831లో, అస్థికలు తవ్వి మద్రాసు కోట చర్చికి తరలించారు. ఆయన పోయిన పత్తికొండలో సర్కారు ఒక తోపు వేయించి, మెట్లబావి తవ్వించింది.

చెన్నై నుంచి ముంబై వెళ్లే రైలు మార్గంలోనే గుత్తి ఉంది. స్టేషను దగ్గరపడుతుంటే కిటికీలోంచి కొండ మీద కోట గోడలు కనబడతాయి. ఆ కొండకింద పాత ఇంగ్లీషు శ్మశానంలో, మనిషి వెళ్లిపోయిన మన్రో సమాధి ఇంకా ఉంది. కోట చూడ్డానికొచ్చిన వాళ్లు ఎండ ఎక్కకముందే కొండెక్కాలన్న తొందరలో దాని పక్కనుంచే వెళ్లిపోతుంటారు.